అమీర్‌పేటలో మళ్లీ మూడు నెలలు: ఒక టెస్టింగ్ కోర్సు మీద నా రివ్యూ

పదహారేళ్ల తర్వాత మళ్లీ అమీర్‌పేటలో ఫీజు కట్టాను. పద్దెనిమిది వేలు, రెండు వాయిదాలు. ఆటోమేషన్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పనిని చేత్తో కాకుండా ప్రోగ్రాములు రాసి చేయించడం), శని ఆదివారాల బ్యాచ్, పొద్దున ఏడున్నర నుంచి పది వరకు, మూడు నెలలు. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. రాయబోయే వాటిలో మంచి ఉంది, చేదూ ఉంది. ఆ చేదంతా ఒక్కరికే అంటగట్టడం న్యాయం కాదు. మైత్రివనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కినా ఇంచుమించు ఇదే సరుకు దొరుకుతుంది. ఇది దుకాణం మీద కంటే సరుకు మీద రివ్యూ అనుకోండి.

నేనెవరో చెప్పకపోతే ఈ రివ్యూని ఎంతవరకు నమ్మాలో మీకు తెలియదు. మాది నరసరావుపేట దగ్గర పల్లె. 2008లో ఎంసీఏ అయ్యాక ఎస్సార్ నగర్ హాస్టల్లో దిగాను. నలుగురు ఆడపిల్లలం, ఒక గది, ఒక బకెట్టు. జావా నేర్చుకుందామని వెళితే కౌన్సిలింగ్ కుర్చీలో ఉన్నాయన నా మార్కుల కాగితం చూసి, "కోడింగ్ కష్టం కదమ్మా, టెస్టింగ్‌లో చేరు, ఆడపిల్లలకి బావుంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎన్ని తప్పులున్నాయో అప్పుడు నాకు తెలియలేదు. మాన్యువల్ (చేత్తో చేసే టెస్టింగ్), క్యూటీపీ అనే ఆటోమేషన్ టూల్ కలిపి నాలుగున్నర వేలు కట్టేశాను. 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. మర్నాడు క్లాసులో సగం బెంచీలు ఖాళీ. మా గదిలో ఇద్దరు ఆ వారంలోనే పెట్టె సర్దుకుని ఊరెళ్లిపోయారు. నేను ఉండిపోయానంటే ధైర్యం ఎక్కువై కాదు, కట్టిన డబ్బు వెనక్కివ్వరని. ఆ నవంబరులో ఒక చిన్న కంపెనీలో నెలకి తొమ్మిది వేలకి చేరాను. అలా టెస్టర్, సీనియర్ టెస్టర్, ఇప్పుడు లీడ్. నా కింద తొమ్మిది మంది. మేం చూసేది అప్పులిచ్చే ఒక విదేశీ సంస్థ సాఫ్ట్‌వేర్.

మరి ఇన్నేళ్ల లీడ్‌కి మళ్లీ కోర్సెందుకంటారా? మొన్న సంక్రాంతి తర్వాత రిలీజు ప్లానింగ్ మీటింగులో మా ఆటోమేషన్ కుర్రాడు "ఈ మాడ్యూల్‌కి మూడు వారాలు పడుతుంది" అన్నాడు. మేనేజరు నా వంక చూశాడు. మూడు వారాల పనా, మూడు రోజుల పనా తేల్చాల్సింది నేను. తలూపాను. తెలిసి ఊపిన తల కాదది. ఆ కుర్రాడు మంచివాడే, అబద్ధం చెప్పే రకం కాదు. కానీ చెప్పినా నేను పట్టుకోలేను కదా అన్న ఆలోచన ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. మాన్యువల్ నుంచి ఎదిగిన లీడ్‌లు చాలామంది ఈ తలూపుడు మీదే బండి లాగిస్తుంటారు. నేనూ నాలుగేళ్లు లాగించాను.

మొదటి రోజు మెట్రో దిగి నడిచాను. సత్యం థియేటర్ ఉన్నచోట ఇప్పుడు మల్టీప్లెక్స్. ఫ్లెక్సీలు మాత్రం తగ్గలేదు, వాటి మీద పేర్లే మారాయి. అప్పట్లో టెస్టింగ్ టూల్స్, శాప్. ఇప్పుడు డేటా సైన్స్, జెన్ ఏఐ. మెట్లెక్కి క్లాసులోకి అడుగుపెట్టగానే ముందు వరసలో అమ్మాయి లేచి నిలబడింది, అటెండెన్సు తీసుకునే మేడమ్ అనుకుని. నలభై రెండు మంది బ్యాచ్‌లో ముప్ఫై దాటినవాళ్లం ముగ్గురం. వారం తిరిగేసరికి అందరికీ నేను "అక్కా" అయ్యాను. పాఠం చెప్పే ఆయన నాకన్నా ఏడెనిమిదేళ్లు చిన్నవాడు, అయినా నాకూ ఆయన సారే. అమీర్‌పేటలో మార్కర్ పట్టుకున్నవాడు ఏ వయసువాడైనా సారే.

ముందు రెండు వారాంతాలు మాన్యువల్ టెస్టింగ్. ఇక్కడే నాకు ఒళ్లు మండింది, ఇక్కడే ఈ కోర్సులో నాకు బాగా గుర్తుండిపోయిన ఘట్టమూ జరిగింది.

సార్ బోర్డు మీద ఒక పెట్టె గీసి, "వయసు 18 నుంచి 60 వరకే తీసుకోవాలి, టెస్ట్ కేసులు చెప్పండి" అన్నారు. ఈ లెక్క ఇక్కడ ఎన్ని వేల మంది చేసుంటారో. 17 ఇస్తే తోసేయాలి, 18 తీసుకోవాలి, 60 తీసుకోవాలి, 61 తోసేయాలి. దీన్నే బౌండరీ వేల్యూ అంటారు. తప్పులు ఎక్కువగా గట్ల దగ్గరే దాక్కుంటాయి కాబట్టి గట్ల మీదే వెతకమని. డెవలపర్ "18, ఆపైన" అని రాయబోయి "18 పైన" అని రాసేస్తే పద్దెనిమిదేళ్లవాడు బయటే ఉండిపోతాడు. 35 ఇచ్చి చూస్తే ఆ తప్పు ఎప్పటికీ కనపడదు. ఇదంతా సార్ చక్కగా చెప్పారు.

అప్పుడు వెనక బెంచీలోంచి వనపర్తి కుర్రాడొకడు చెయ్యెత్తాడు. "సార్, వయసు ఎవరూ కొట్టరు కదా, పుట్టినరోజే ఇస్తారు. ఫిబ్రవరి 29న పుట్టినోడికి పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయి?"

క్లాసు నవ్వింది. నేను మాత్రం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. 2008 ఫిబ్రవరి 29న పుట్టినవాడికి 2026లో ఆ తేదీయే లేదు. ఫిబ్రవరి 28న నిండినట్టా, మార్చి 1న నిండినట్టా? సిస్టం ఒకలా, బ్రాంచిలో మనిషి ఇంకోలా అనుకుంటే ఆ ఒక్క రోజు అప్లికేషన్ సంగతేంటి? ఇది కోడ్‌లో దొరికే జవాబు కాదు, రిక్వైర్‌మెంటు (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే కాగితం) రాసినవాళ్లని అడగాల్సిన ప్రశ్న. కోడ్ ఒక్క లైను రాయకముందే ఆ ప్రశ్న అడిగితే ఖర్చు ఒక మెయిలు. రిలీజయ్యాక దొరికితే ఎంతో చెప్పలేం.

సార్ గడియారం చూసుకుని, "అది ఇంటర్వ్యూలో రాదులే తమ్ముడూ" అని తర్వాతి స్లైడుకి వెళ్లిపోయారు.

అంతే. నాకు ఈ కోర్సు మీదున్న ప్రధానమైన ఫిర్యాదు ఆ ఒక్క వాక్యమే. ఇంటర్వ్యూలో వచ్చేది నేర్పుతారు. ఉద్యోగంలో వచ్చేది ఎవరైనా అడిగితే నవ్వుతారు. బ్రేకులో ఆ అబ్బాయిని పట్టుకుని మా కంపెనీలో ఇలాంటి తేదీల గొడవ ఎలా తేల్చామో చెప్పాను. వాడు టీ చల్లారిపోయేదాకా విన్నాడు. ఆ తర్వాత ప్రతి వారం ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. బస్ టికెట్ యాప్‌లో రాత్రి పన్నెండు దాటాక తేదీ ఎలా మారుతోందో, కరెంటు బిల్లు సున్నా వస్తే పే బటన్ ఎందుకు నొక్కనిస్తోందో. జావాలో వీడు నాకన్నా వెనక. అయినా నా టీంలోకి ముందు తీసుకునేది వీణ్నే.

జావా ఆరు వారాంతాలు. దీని మీద ఎక్కువ రాయను, ఎందుకంటే బాగుంది. కౌన్సిలింగ్ కుర్చీలో ఆయన నాకు రాదని తేల్చిన సబ్జెక్టు ముప్ఫై తొమ్మిదేళ్లకి వచ్చింది. ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటో సార్ చెప్పిన తీరు ఒక్కటి చెప్తాను. "గోడ మీద ప్లగ్ పాయింటు ఉంది. నువ్వు మిక్సీ పెడతావా, ఇస్త్రీ పెట్టె పెడతావా దానికి అనవసరం. పిన్నులు సరిపోతే చాలు." బ్రౌజరుని ప్రోగ్రాముతో నడిపించే టూల్ సెలీనియం, అందులో వెబ్‌డ్రైవర్ అనేది ఆ ప్లగ్ పాయింటు. క్రోమ్‌కి ఒక డ్రైవరు, ఫైర్‌ఫాక్స్‌కి ఒకటి, ఎడ్జ్‌కి ఒకటి, ఎవరు వచ్చినా పిన్నులు అవే. "ఎడమ పక్క వెబ్‌డ్రైవర్ అని, కుడి పక్క న్యూ క్రోమ్‌డ్రైవర్ అని ఎందుకు రాస్తాం?" అన్న ప్రశ్న మా ఆఫీసు ఇంటర్వ్యూల్లో పక్కన కూర్చుని వందసార్లు విన్నాను. జవాబు అర్థమైంది ఆరోజే.

తర్వాత సెలీనియం. ఆ పేరు వెనక కథ సార్ చెప్పలేదు, నేను చెప్తాను. మా కాలంలో రాజ్యమేలిన క్యూటీపీని తయారుచేసింది మెర్క్యురీ అనే కంపెనీ. 2006లో హెచ్‌పీ దాన్ని కొనేసింది. లైసెన్సు ఖరీదు చూస్తే కళ్లు తిరిగేవి, మా తొలి ఆఫీసులో ఒక్క లైసెన్సు ఉంటే దానికి వంతులేసుకునేవాళ్లం. 2004లో థాట్‌వర్క్స్‌లో పనిచేసే జేసన్ హగ్గిన్స్ ఒక ఉచిత టూల్ మొదలుపెట్టాడు. మెర్క్యురీ అంటే పాదరసం, పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని చమత్కారంగా పేరు పెట్టారు. విరుగుడు బాగానే పనిచేసింది. నేను నాలుగున్నర వేలు పోసి నేర్చుకున్న క్యూటీపీ పేరు ఈ బ్యాచ్‌లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్లేరైట్ వచ్చి సెలీనియాన్ని నెడుతోంది. కోర్సులో దానికి ఒక్క గంట ఇచ్చారు. కనీసం నాలుగు క్లాసులు ఇవ్వాల్సింది.

సెలీనియంలో ముందు నేర్పేది పేజీ మీద ఒక బటన్నో పెట్టెనో ఎలా గుర్తుపట్టాలో. దీనికి అడ్రసులు ఉంటాయి. ఐడీ ఉంటే సుఖం, డోర్ నంబరు లాంటిది. లేకపోతే ఎక్స్‌పాత్, అంటే పేజీలో దాని దగ్గరికి దారి, రాయాలి. బ్రౌజరులో కుడి క్లిక్కు కొట్టి పూర్తి ఎక్స్‌పాత్ కాపీ చేసుకోవడం పిల్లలకి భలే ఇష్టం. అదెలా ఉంటుందంటే, "మూడో సందు తిరిగి, రెండో వీధిలో, ఎడమవైపు నాలుగో ఇల్లు" అని చెప్పడం లాంటిది. మధ్యలో ఎవరో ఖాళీ స్థలంలో ఇల్లు కట్టారనుకోండి, ఉత్తరం పక్కింటికి పోతుంది. డిజైనర్ ఒక చిన్న బ్యానర్ పెట్టినా యాభై స్క్రిప్టులు (టెస్టు చేసే ప్రోగ్రాములు) పడిపోతాయి. సార్ ఇది గట్టిగానే చెప్పారు, కాపీ చేసినవాళ్లని లేపి మళ్లీ రాయించారు. ఇక్కడ పూర్తి మార్కులు.

వెయిట్ల దగ్గరకి, అంటే స్క్రిప్టుని కాసేపు ఆపే పద్ధతుల దగ్గరకొచ్చేసరికి మార్కులు తగ్గాయి. పేజీ లోడ్ అవ్వకముందే స్క్రిప్టు బటన్ కోసం వెతికితే దొరకదు, ఫెయిల్ అవుతుంది. దానికి సార్ క్లాసులో వాడిన మందు థ్రెడ్ స్లీప్, అయిదు వేలు. అంటే అయిదు సెకన్లు కళ్లు మూసుకుని ఆగు అని. క్లాసులో అయిదు సెకన్లు ఎవరికీ లెక్కలోకి రాదు. ఆఫీసులో లెక్క చూడండి. ఒక స్క్రిప్టులో ఎనిమిది చోట్ల పెడితే నలభై సెకన్లు. మూడు వందల స్క్రిప్టులంటే పన్నెండు వేల సెకన్లు. మూడు గంటల ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి ఉంటుంది మెషీను. బటన్ కనపడగానే ముందుకెళ్లే ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ గురించి ఆఖర్లో పావుగంట చెప్పారు, అప్పటికే పిల్లల చేతులకి స్లీప్ అలవాటైపోయింది. నేను లేచి ఈ లెక్క చెప్తే సార్ ఏమీ అనుకోలేదు, "మేడమ్ చెప్పింది రాసుకోండి" అన్నారు. ఆ మర్యాదకి సంతోషించాను.

ఇంతకీ డబ్బు గిట్టుబాటయిందా? తొమ్మిదో వారంలో అయింది. ఒక మంగళవారం మధ్యాహ్నం మా ఆటోమేషన్ స్క్రిప్టులు తెరిచి, మొదటిసారి భయం లేకుండా చదవడం మొదలుపెట్టాను. ప్రతి రాత్రీ నడిచి పొద్దున్నే పచ్చరంగు రిపోర్టు పంపే నలభై స్క్రిప్టులవి. పదకొండోది లాగిన్ అవుతుంది, లోన్ మొత్తం ఇస్తుంది, కాలిక్యులేట్ నొక్కుతుంది, లాగౌట్ అవుతుంది. ఈఎంఐ ఎంత వచ్చిందో మాత్రం చూడదు. వచ్చిన జవాబు సరైనదో కాదో చూసే అసర్ట్ అన్న లైనే లేదు. అంటే ఈఎంఐ బదులు తెర మీద సున్నా వచ్చినా ఆ స్క్రిప్టు పాసే. మొత్తం వెతికితే ఇలాంటివి ఆరు. ఇంకో రెండింటిలో ఎర్రర్ వస్తే నోరు నొక్కి ముందుకెళ్లేలా ట్రై క్యాచ్ పెట్టారు. ఎనిమిది నెలలుగా ఆ పచ్చ రిపోర్టుని నా మెయిల్‌లో పెట్టి క్లయింటుకి పంపుతున్నది నేనే. ఒళ్లు జలదరించింది. రాసిన కుర్రాణ్ని తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని ఎనిమిదీ సరిచేయించాను. ఇప్పుడు "మూడు వారాలు" అంటే "దేనికెంత?" అని అడుగుతున్నాను. మొన్న మూడు వారాలన్నది బేరం లేకుండానే తొమ్మిది రోజులకి దిగింది.

కోర్సులో లేని సంగతి ఒకటుంది, అది లేకుండా నేను ఈ కుర్చీదాకా వచ్చేదాన్ని కాదు. దొరికిన బగ్‌ని, అంటే తప్పుని, డెవలపర్‌చేత ఒప్పించడం. డిఫెక్ట్ లైఫ్ సైకిల్ బొమ్మ గీస్తారు, న్యూ, అసైన్డ్, ఓపెన్, ఫిక్స్‌డ్, క్లోజ్డ్ అని బాణాలు వేస్తారు. సివియారిటీకీ (తప్పు ఎంత పెద్దదో) ప్రయారిటీకీ (ఎంత త్వరగా సరిచేయాలో) తేడా ఏమిటంటే, హోం పేజీలో కంపెనీ లోగో తప్పు పడితే సివియారిటీ తక్కువ ప్రయారిటీ ఎక్కువ అని అందరిచేతా బట్టీ పట్టిస్తారు. పదహారేళ్లుగా అదే లోగో. కానీ ఆ బాణాల మధ్య మనుషులుంటారని చెప్పరు.

2014లో మేం ఒక బీమా పాలసీ ఫారం టెస్ట్ చేస్తున్నాం. పేరు పెట్టెలో ఇరవై అయిదు అక్షరాలే పడుతున్నాయి. నా పేరే కొట్టి చూశాను. ఇంటిపేరు, అమ్మమ్మ మొక్కు, నాన్న ఇష్టం, తాతయ్య పట్టుదల అన్నీ కలిపి ఇంగ్లీషులో ముప్ఫై ఒక్క అక్షరాలు. ఆఖరి ఆరు ఎగిరిపోయాయి. బగ్ పెట్టాను. వేరే రాష్ట్రంలో కూర్చున్న డెవలపర్ అరగంటలో "నాట్ ఎ బగ్" అని మూసేశాడు, ఇంత పొడుగు పేరు ఎవరికుంటుందని కామెంటు. మళ్లీ తెరిచి, నా టెన్త్ సర్టిఫికెట్ జిరాక్స్ స్కాన్ చేసి అటాచ్ చేశాను. కింద రెండు ముక్కలు రాశాను: ఈ కస్టమరు పాన్ కార్డు మీద పూర్తి పేరుంది, పాలసీ మీద సగమే పడుతుంది, క్లెయిమ్ రోజున రెండూ కలవకపోతే వాళ్లింట్లోవాళ్లు తిరగాల్సి వస్తుంది. గంటలో ఫిక్స్ చేస్తామని మెయిలు. మర్నాడు మేనేజరు ఆ సర్టిఫికెట్‌లో నా మార్కుల గురించి కూడా అడిగాడు, అది వేరే సంగతి. తప్పు ఏమిటో రాయడం అందరికీ వస్తుంది. ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతుందో రాస్తేనే బగ్ కదులుతుంది. ఏ మెటీరియల్‌లోనూ ఇది లేదు.

ఇక లీడర్‌షిప్. బ్రోచర్‌లో "టెస్ట్ లీడ్ స్థాయి వరకు" అని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. అదేమిటయ్యా అంటే ఆఖరి రోజు పంచిన నాలుగు పేజీల జిరాక్సు, లీడ్ ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులతో. టీంలో గొడవొస్తే ఏం చేస్తారంటే "ఇద్దరితో విడివిడిగా మాట్లాడతాను" అని రాసుంది. నిజమే, మాట్లాడతాం. ఆ తర్వాతే కదా అసలు పని మొదలయ్యేది.

లీడ్ అయిన మొదటి ఏడాది నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను, ఆ నాలుగు పేజీలకన్నా ఇదే పనికొస్తుంది. ఎవరెన్ని బగ్‌లు పట్టారో నెలనెలా లెక్కగట్టి గోడ మీద అంటించాను. రెండో నెలకే లెక్కలు ఆకాశాన్నంటాయి. ఒకబ్బాయి డెబ్బై పెట్టాడు. తీరా చూస్తే అందులో యాభై స్పెల్లింగులు, అక్షరాల సైజులు, బటన్ రెండు పిక్సెళ్లు పక్కకి జరిగిందని. డెవలపర్లకి, మాకు మాటల్లేకుండా పోయాయి. అదే నెల ఒకమ్మాయి నాలుగే పెట్టింది. అందులో ఒకటి, అప్పు మధ్యలో కొంత ముందే తీర్చేస్తే మిగిలిన వాయిదాల్లో వడ్డీ పాత అసలు మీదే పడుతోందని. డబ్బు పోయే తప్పు అంటే అది. నా గోడ మీద ఆమె పేరు ఆఖరున ఉంది. ఆరోజే ఆ కాగితం చింపేశాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు కానీ, అప్రైజల్ అప్పటికే పంపేశాను. ఆ ఏడాది ఆమెకి రావాల్సిన పెంపు రాలేదు. ఇప్పటికీ అది నన్ను పొడుస్తూనే ఉంటుంది.

రెండోది శుక్రవారం రాత్రులు. రిలీజు పదింటికి, ఎనిమిదిన్నరకి బగ్ దొరుకుతుంది. అందరి కళ్లూ లీడ్ మీదే. ఆపాలా, వదలాలా? కొత్తలో "ఆపేయండి" అని అరిచేదాన్ని, ఎవరూ వినేవాళ్లు కాదు, కోపం వచ్చేది. చాలా కంపెనీల్లో రిలీజు ఆపే అధికారం టెస్ట్ లీడ్‌కి ఉండదు, బిజినెస్ వాళ్లకే ఉంటుంది. నా పని ఏమిటో అర్థమవడానికి మూడేళ్లు పట్టింది. ఏం టెస్ట్ చేశాం, ఏం చేయలేదు, ఈ తప్పుతో వదిలితే ఎవరికి ఏమవుతుంది, వెనక్కి తీసుకోవాలంటే ఎంతసేపు పడుతుంది. ఈ నాలుగూ అర పేజీలో రాసి, నిర్ణయం తీసుకునేవాళ్ల ముందు పెట్టడం. అరిచినప్పటికన్నా ఈ అర పేజీ పెట్టడం మొదలయ్యాకే రిలీజులు ఎక్కువసార్లు ఆగాయి.

సర్టిఫికెట్ సంగతి చాలామంది అడుగుతారు. టెస్టర్లకి అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్షకి ఇన్‌స్టిట్యూట్ విడిగా డబ్బు తీసుకుని "డంప్స్", అంటే పాత ప్రశ్నలు జవాబులతో, ఇస్తానంది. నేను 2011లోనే రాసి ఉన్నాను కాబట్టి నాకు అక్కర్లేదు. ప్రశ్నలు నలభై, టైము గంట, ఇరవై ఆరు వస్తే పాస్. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకి ఇంకో పావుగంట ఎక్కువిస్తారు. 2023లో సిలబస్ 4.0కి మారింది, పాత పుస్తకం కొనకండి. సిలబస్ వాళ్ల సైట్లో ఉచితంగానే దొరుకుతుంది, రెండు వారాలు రోజూ గంట చదివితే చాలు. అందులో ఏడు సూత్రాలుంటాయి. ఒకటి నాకిష్టం, టెస్టింగ్ తప్పులున్నాయని చూపగలదే కానీ తప్పులు లేవని చూపలేదు అని. దీన్ని బట్టీ పట్టి రాసినవాళ్లే మర్నాడు ఆఫీసుకొచ్చి "బగ్ ఫ్రీ" అని సైనాఫ్ (టెస్టింగ్ అయిపోయింది, వదలొచ్చు అనే) మెయిలు పెడతారు. డంప్స్ కొంటే జరిగేది అదే. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లని నేను తక్కువ చేయను, ఎక్కువా చేయను.

ఇప్పుడు చేదు మాట. కోర్సు అయ్యే వారం ముందు ప్లేస్‌మెంట్ మేడమ్ పిల్లల్ని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచింది. బయటికొచ్చిన ముందు వరస అమ్మాయి మొహం వాడిపోయింది. "అక్కా, ఫ్రెషర్‌కి కాల్స్ రావట, మూడేళ్లు ఎక్స్‌పీరియన్సు పెడతామంటున్నారు, ఇంకో నలభై వేలు కట్టాలట. ఏం చేయను?"

నాకు అటుపక్క కుర్చీ తెలుసు కాబట్టి ఆమెకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. పోయిన ఏడాది ఒకే వారంలో మూడు రెజ్యూమెలు నా దగ్గరికొచ్చాయి. ముగ్గురూ మూడు ఊళ్లు, మూడు కంపెనీలు, ప్రాజెక్టు మాత్రం ఒక్కటే. "రెస్పాన్సిబుల్" స్పెల్లింగులో ముగ్గురికీ ఒకే అక్షరం పోయింది. ముగ్గురినీ పిలిచి, మీ ప్రాజెక్టులో మీరు పట్టిన బగ్‌లలో డెవలపర్ ఒప్పుకోనిది ఒకటి చెప్పమన్నాను. మౌనం. మూడేళ్లు పనిచేసినవాడికి అలాంటివి కనీసం పదుంటాయి, ఇప్పటికీ మండుతూ ఉంటాయి. ఒకవేళ నన్ను దాటినా ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు యూఏఎన్ దాటనివ్వదు, పీఎఫ్ ఎవరు ఎప్పుడు కట్టారో కనపడుతుంది. చేరాక ఆర్నెల్లకి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పోయినవాళ్లని చూశాను. ఆ నలభై వేలతో ఆర్నెల్లు హాస్టల్లో ఉండి ఫ్రెషర్‌గానే ప్రయత్నించొచ్చు. ఆ అమ్మాయి కట్టలేదు. ఇంకా వెతుకుతోంది. నా మాట విన్నందుకు ఆమెకి వెంటనే ఉద్యోగం వచ్చిందని రాస్తే బావుండేది కానీ, రాలేదు.

ఏఐ వస్తే టెస్టింగ్ ఉంటుందా అని క్లాసులో వారానికోసారి ఎవరో ఒకరు అడిగేవారు. మా ఆఫీసులో టెస్ట్ కేసులు దానిచేత రాయిస్తున్నాం. వంద రాస్తుంది, అందులో ముప్ఫై ఒకటే మాటని తిప్పి తిప్పి రాసినవి. 17, 18, 60, 61 అడక్కుండానే ఇస్తుంది. కాబట్టి అవి మాత్రమే నేర్చుకుని వస్తే కష్టమే. ఫిబ్రవరి 29 గురించి ఒకసారి రాసింది, ఒకసారి రాయలేదు.

వసతుల గురించి రెండు ముక్కలు. లిఫ్టు ఉంది, పొద్దున ఏడున్నరకి ఆన్ చేయరు, నాలుగో అంతస్తు. ఏసీ బాగుంది. ల్యాబ్ పేరుకే, మీ ల్యాప్‌టాప్ మీరు తెచ్చుకోవాలి. మంచినీళ్లు ఉంటాయి. ఆడవాళ్ల బాత్రూం శుభ్రంగా ఉంది, 2009తో పోలిస్తే ఇది చిన్న విషయం కాదు. కింద బండి మీద ఇడ్లీ, అల్లం చట్నీ ఎనిమిదిలోపు వెళ్తేనే దొరుకుతుంది, క్లాసు మధ్యలో ఎవరో ఒకర్ని పంపడం ఆనవాయితీ. క్లాసు మిస్సయితే రికార్డింగు ఇస్తారు, మూడు రోజుల్లో చూసేయాలి. మాక్ ఇంటర్వ్యూలు రెండన్నారు, ఒకటే పెట్టారు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. నాలాగా ఏళ్ల తరబడి మాన్యువల్‌లో ఉండి, టీం రాసే కోడ్ చూసి తలూపుతున్నవాళ్లయితే కళ్లు మూసుకుని చేరండి, జావా ఆరు వారాలకే ఫీజు వసూలవుతుంది. డిగ్రీ అయిన పిల్లలు చేరొచ్చు కానీ, దీంతోపాటు రోజూ ఒక యాప్ తీసుకుని అందులో ఏం తప్పుందో వెతికి, సరిగ్గా రాయడం సొంతంగా చేయాలి, అది ఇక్కడ ఎవరూ చేయించరు. లీడ్ అవుదామని చేరేవాళ్లు ఆ నాలుగు పేజీలు ఫ్రెండ్ దగ్గర జిరాక్సు తీసుకోండి, చాలు.

డెమో క్లాసు ఉచితం, ప్రతి నెలా మొదటి శనివారం. వెళ్తే రెండో వరసలో ప్రొజెక్టర్ కింద కుర్చీలో మాత్రం కూర్చోకండి, వెనక కాలు విరిగింది. మొదటి వారంలోనే రిసెప్షన్‌లో చెప్పాను, ఏ వరస, ఎన్నో కుర్చీ, ఎటు వాలితే పడిపోతామో అన్నీ వివరంగా. రాసుకున్నారు. మొన్న ఆదివారం సర్టిఫికెట్ తీసుకోవడానికి వెళ్తే, చూశాను, ఇంకా ఓపెన్‌లోనే ఉంది.